ఉన్నచోట లేని మనిషి

వడ్రంగి కొంప ముంచింది దొంగ కాదు, సొంత బావమరిది. వీధిలో అందరూ అతన్ని డేంజర్ అంటారు. నోరు తెరిస్తే ముందొచ్చే మాట అదే మరి.

చేత్తో చిత్రిక పట్టీ పట్టీ వడ్రంగి కుడి భుజం పైకి లేవడం మానేసింది. అందుకని ఓ షెడ్డులో పాత చిత్రిక మిషనొకటి బేరమాడి అడ్వాన్సు ఇచ్చాడు. ఇవాళ పన్నెండులోగా మిగతా డబ్బు అందకపోతే మిషనూ లేదు, అడ్వాన్సూ లేదన్నాడు షెడ్డు యజమాని. పొద్దున్నే వెళ్లి, మిషను మీద చెయ్యేసి మరీ డబ్బు పంపడానికి ఫోను నొక్కాడు వడ్రంగి.

"మీరు మీ ఇంటి దగ్గర లేరు. డబ్బు పంపడం కుదరదు" అని వచ్చింది.

వెంటనే బావమరిదికి ఫోన్ చేశాడు.

"అదా బావా! పోయినవారం నేనే పెట్టాను. ఫోను ఇంట్లో ఉంటేనే డబ్బు కదుల్తుంది. దొంగ ఎత్తుకుపోయినా చచ్చినట్టు మీ ఇంటికే రావాలి!"

"దొంగ సంగతి సరే, నా సంగతేంట్రా?"

"నువ్వూ ఇంటికెళ్లాల్సిందే."

బస్సు పట్టుకుని ఇల్లు చేరాడు. వంటింట్లో నొక్కాడు, మంచమెక్కి నొక్కాడు, మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన నిలబడి నొక్కాడు. ఇంటి దగ్గర లేరనే అంది ఫోను.

"ఇన్నేళ్లుగా ఇక్కడే పడున్నాం, దాని కళ్లకి ఆనడం లేదా?" అంటూ భార్య ఫోను లాక్కుని తమ్ముణ్ని నిలదీసింది.

"అక్కా... ఆ రోజు బావ ఫోను మా ఇంట్లో కూర్చుని సరిచేశాను కదా. ఇల్లంటే మా ఇల్లే పడినట్టుంది."

ఊరి అవతలి కొసకి మళ్లీ బస్సు. డేంజర్ ఇంటికి తాళం. చేసిన తప్పు దిద్దుదామని అతగాడు అప్పుడే అక్క ఇంటికి బయల్దేరాడు. వడ్రంగి ఆ తలుపుకి వీపు ఆనించి నొక్కాడు.

"ఒక్క పూటలో మూడు చోట్ల నుంచి ప్రయత్నం జరిగింది. అనుమానంతో మీ ఖాతాను రేపటిదాకా ఆపేశాం."

బ్యాంకుకి ఫోన్ చేస్తే ఓ అమ్మాయి పలికింది.

"అమ్మా, ఆ మూడు చోట్లా తిరిగింది నేనే!"

"దొంగ కూడా అదే అంటాడు సార్. మీరు ఉండే చోట ఉంటేనే మీరని నమ్ముతాం."

"నేనెక్కడుంటే అదే నేనుండే చోటు కదమ్మా!"

"ఆ మాట మీ ఫోను చెప్పాలి సార్."

పన్నెండు దాటింది. మిషను ఇంకొకరి లారీ ఎక్కింది.

సాయంత్రం వడ్రంగి ఎడంచేత్తో చిత్రిక పడుతుంటే ఫోను మోగింది. డేంజర్ తీసి పైకి చదివాడు: "అభినందనలు. మీ ఖాతాపై ఈరోజు జరిగిన మోసాన్ని అడ్డుకున్నాం. మీ డబ్బంతా భద్రం."

"చూశావా బావా! నేను పెట్టకపోయుంటే ఎంత డేంజరో!"

నిజమే, ఖాతాలో ఒక్క పైసా తగ్గలేదు. పోయింది షెడ్డు యజమాని చేతిలో పెట్టిన పద్దెనిమిది వేల అయిదు వందలే.