మొరాయించే ట్రాక్టరే మహాభాగ్యం

అయ్యా, తాళం తిప్పగానే స్టార్టయ్యే ట్రాక్టరు ఊరికి అరిష్టం. నవ్వకండి, బాగా ఆలోచించే చెబుతున్నాను.

స్టార్టయిన ట్రాక్టరు ఏం చేస్తుంది? తన దారిన తాను చేలోకి పోతుంది. దాన్నెవరు పలకరిస్తారు? అదే మొరాయించిందనుకోండి, ఊరంతా దాని చుట్టూ చేరుతుంది. గట్టు తగాదా పెట్టుకుని ఏళ్ళ తరబడి మొహాలు చూసుకోని అన్నదమ్ములిద్దరు మొన్న నా కళ్ళ ముందే భుజం భుజం కలిపి ట్రాక్టరు తోశారు. ఈ పని ఏ కోర్టయినా చేయించగలిగిందా?

అలాంటి దివ్యమైన ట్రాక్టరు మా ఊళ్ళో జోగేశ్వరరావు గారికి ఉంది. ఆయన చేతికి వచ్చేనాటికే అది చాలామంది యజమానుల్ని సాగనంపింది. మనిషి మాత్రం బంగారం. ఎవరడిగినా కాదనకుండా చేను బురదగా దున్ని దమ్ము చేసిపెడతారు. ఆ ధైర్యంతోనే నేను పోయినేడు నా దున్నపోతుల్ని అమ్మేశాను.

మొన్న దాళ్వా పంటకి మా కాలవ నీళ్ళ వంతు శుక్రవారంతో ఆఖరు. చేలో నీళ్ళుండగానే దమ్ము చేసి నారు ఊడ్చెయ్యాలి. "మీదే ముందండి, పొద్దున్నే వచ్చేస్తాను" అన్నారు జోగేశ్వరరావు గారు. ఆ మాట నమ్మి నేను నారు తీయించి, కట్టలు కట్టించి గట్టు మీద పెట్టించాను. గురువారం పొద్దున్న ఆయన తాళం తిప్పారు. ఇంజను రెండుసార్లు దగ్గి ఊరుకుంది.

దగ్గు వినపడ్డాక మా కాంపౌండరు బుల్లియ్య గారు ఊరుకుంటారా? ఇంజనుకి చెవి ఆనించి, "కఫం పట్టేసిందండి బాబూ, చలి కదా!" అన్నారు. వెంటనే బిందెడు వేణ్ణీళ్ళు పోశారు. ఒకరు దిష్టి అన్నారు, నిమ్మకాయ కోశారు. ఇంకొకరు ఎయిర్ క్లీనరు దగ్గర గుడ్డ వెలిగించి పట్టమన్నారు. పట్టినాయన మీసం కాలింది. సలహాలకి కరువుందా మా జిల్లాలో!

చివరికి తణుకు నుంచి మెకానిక్కు చంద్రరావుని పిలిపించారు. వస్తూనే అడిగాడు, "ఆయిలుందాండీ?"

"నిండా ఉందండి, మొన్ననే పోయించాను" అన్నారు జోగేశ్వరరావు గారు.

చంద్రరావు పైపు విప్పి చూశాడు. చుక్క రాలేదు. ఆయిలు నిండా ఉండి కూడా రావట్లేదంటే ఏమిటర్థం? దారిలో ఎక్కడో పూడుకుపోయిందన్నమాట! ఫిల్టరు ఊడింది, పంపు ఊడింది, నాజిల్సు ఊడాయి. అన్నీ గోనెపట్టా మీద పరుచుకున్నాయి. శుక్రవారం పొద్దుగూకేదాకా వాటిని ఊదుతూనే ఉన్నారు.

ట్యాంకు మూత తీసి చూడొచ్చు కదా అంటారా? ఎంత మాట! నిండా ఉందని పెద్దమనిషి నోటితో చెప్పాక మూత తియ్యడమంటే ఆయన్ని అబద్ధాలకోరు అన్నట్టు కాదూ? నేను మాత్రం ఎలా తీస్తాను? ఆయన దమ్ము చేయాల్సింది నా చేనే కదా!

శనివారం పొద్దున్న జోగేశ్వరరావు గారి భార్య జగదాంబ గారు ఆ మూత తీశారు. ఇంజను మీద ప్రేమతో కాదు. ఇంతమందికి కాఫీలు కాచి కాచి ఇంట్లో కిరసనాయిలు అయిపోయింది, పచ్చిపుల్లలు రాజుకోవడం లేదు. కాస్త డీజిలు తీసుకుందామని డబ్బా పట్టుకొచ్చారు. ట్యాంకులోకి తొంగిచూసి, "ఏవండోయ్, ఇందులో చుక్క లేదేంటండీ!" అన్నారు.

మా వైపు డీజిలూ ఆయిలే, ఇంజన్లో పోసే నూనే ఆయిలే. చంద్రరావు అడిగింది డీజిలు గురించి. జోగేశ్వరరావు గారు చెప్పింది ఇంజనాయిలు గురించి. ఇందులో తప్పెవరిదండీ? ఎవరిదీ కాదు. మర్యాదస్తుల మధ్య తప్పులుండవు.

డీజిలు పోశారు, పైపుల్లో గాలి తీశారు, బుర్రుమంది! ఊరంతా చప్పట్లు కొట్టింది. నా చేలో పెట్టిన నీళ్ళు అప్పటికే ఇంకిపోయాయి. మళ్ళీ పెడదామంటే కాలవ నీళ్ళు వదిలే లస్కరు ముందురోజు రాత్రే తూము తలుపు దించేశాడు. గట్టు మీద నారు పండుబారి వాలిపోయింది. మళ్ళీ వంతు వచ్చేదాకా అది బతకదు. నాకు ఏడుపొచ్చింది.

ఇంత కష్టపడి స్టార్టు చేసిన ట్రాక్టరుని ఊరికే ఉంచడం దేనికని వెనక ట్రక్కు తగిలించారు. అందరూ తణుకులో మాట్నీకి బయల్దేరారు. ట్రక్కు రేకు గట్టిగా గుచ్చుకుంటుందని, ఆడవాళ్ళకి మెత్తగా ఉంటుందని, గట్టు మీది నా నారు కట్టలు తెచ్చి పరవబోయారు. పెద్దమనుషులు కదా, అడగకుండా పరుస్తారా?

"మీరేం అనుకోరు కదండీ?" అన్నారు జోగేశ్వరరావు గారు.

ఏం చెయ్యను, నేనూ ఈ జిల్లావాణ్ణే.

"అబ్బే, దాందేముందండీ! ఇంకో నాలుగు కట్టలు వేయించమంటారా?" అన్నాను.