సౌండ్‌బార్‌కు వేసిన తాళం

ఇంటి తలుపుకు రెండు తాళాలు వేసి, మూడోసారి లాగి చూసి గానీ పడుకోని మొగుడు, ముచ్చటపడి కొన్న బ్లూటూత్ సౌండ్‌బార్‌ను మాత్రం ధర్మసత్రంలా వదిలేశాడని ఇల్లాలి బాధ. వారం రోజులుగా పొద్దున్న తొమ్మిది కొట్టేసరికి అది దానంతటదే మేలుకొని, "మోకాలు పైకి... ఇంకా పైకి" అని హాలంతా గద్దిస్తోంది.

ఆ గద్దింపు ఎవరి ఫోన్‌లోంచి దిగుతోందో ఆమెకు తెలుసు. పై అంతస్తు హెడ్మిస్ట్రెస్‌ది. స్కూలుకు సెలవులని వ్యాయామం మొదలెట్టింది. చెబుదామంటే నోరు రాదు. ఇవాళ పదకొండింటికి ఆ హెడ్మిస్ట్రెస్సే ఫోన్ చేసి, స్కూలు లైబ్రరీ ఉద్యోగానికి నాలుగు ప్రశ్నలు అడగబోతోంది. డిగ్రీ చదివి పన్నెండేళ్ళుగా వంటింటి డబ్బాలకు చీటీలు అంటిస్తున్న మనిషికి, పుస్తకాలకు అంటించే యోగం మళ్ళీ మళ్ళీ రాదు.

అందుకని పొద్దున్నే సౌండ్‌బార్ ముందు బాసింపట్టు వేసింది. తనదీ మొగుడిదీ సహా దాంట్లో నమోదై ఉన్న ఫోన్లన్నిటినీ తుడిచేసి, కొత్తది ఏదీ చొరబడకుండా పిన్ నంబరు పెట్టింది. నేను పెట్టనా అన్న మొగుడితో, "మీరు పెడితే వీధి చివరిదాకా చెప్పొస్తారు" అంది.

తొమ్మిదైంది. హాల్లో చడీచప్పుడూ లేదు. ఈ గెలుపు అక్కకు చెప్పకపోతే ముద్ద దిగదు. వాయిస్ మెసేజ్ పెట్టింది. "అక్కా, ఆవిడ గంతులకి మా గిన్నెలు కదులుతున్నాయే గానీ ఆవిడ మాత్రం అంగుళం తగ్గలేదు. ఇవాళ్టితో నోరు మూయించేశా."

తన మెసేజ్ తనే మళ్ళీ విని మురిసిపోవడం ఆమెకున్న జబ్బు. నొక్కింది. వినిపించలేదు. సౌండు పెంచి నొక్కింది. పూర్తిగా పెంచి నొక్కింది. స్పీకరు పోయిందేమోనని ఫోన్‌ను అరచేతిలో తట్టి, నాలుగోసారీ నొక్కింది.

పదకొండింటికి ఫోన్ మోగలేదు. కాలింగ్ బెల్ మోగింది. గుమ్మంలో హెడ్మిస్ట్రెస్.

"ఇంతకీ మీ అక్కగారేమన్నారు?"

ఇల్లాలికి అప్పుడు గుర్తొచ్చింది. పోయిన నెల తనూ ఒకటి కొనేముందు చూసి వెళ్దామని హెడ్మిస్ట్రెస్ వస్తే, ఆమె ఫోన్‌ను తమ సౌండ్‌బార్‌కు కలిపి మోగించింది తనే. ఆమె అచ్చం అలాంటిదే కొన్నాక, 'నాకు తెలుసుగా' అని పైకెళ్ళి తన ఫోన్ దానికి కలిపి చూపించిందీ తనే. ఇవాళ కింద గెంటేసిన తన ఫోన్, తెలిసిన గడప వెతుక్కుంటూ పైకెక్కింది.

"వారంగా శబ్దం రాక మూగబొమ్మను చూసి గెంతుతున్నాను. ఇవాళే మోగింది, అదీ మీ గొంతుతో," అంది హెడ్మిస్ట్రెస్. "మొదటిసారి ఒళ్ళు మండింది. నాలుగోసారికి నవ్వొచ్చింది. లైబ్రరీకి మెల్లగా మాట్లాడే మనిషి కావాలమ్మా, అది మీరు కాదు. పిల్లలకి కథలు చెప్పే పని మాత్రం ఖాళీగా ఉంది. చేస్తారా?"

ఇల్లాలు తల ఊపింది.

"తప్పు నాదేనండీ. రెండు ఫోన్లూ కలిపింది నేనే. వారం రోజులు ఈయన్ని ఊరికే తిట్టాను."

పేపరు వెనకున్న మొగుడు ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. ఎప్పుడు రికార్డు నొక్కాడో గానీ, ఆ మాటను తీరిగ్గా నాలుగుసార్లు విన్నాడు.