కొరీన్ విషయంలో పరిహారం

షెబోయ్‌గన్ సరస్సుతీర బేస్‌బాల్ లీగ్ వార్షిక ఎంపిక సభ మొన్న ఫిబ్రవరిలో బౌలింగ్ హాలు మేడమీద జయప్రదంగా జరిగిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. లీగ్ కార్యదర్శిని కనుక సంతోషించడం నా విధుల్లో ఒకటి.

మా లీగ్‌లో బంతి లేదు, బ్యాటు లేదు, మైదానం అసలే లేదు. అసలు ఆటగాళ్లు నిరుడు ఎలా ఆడారో ఆ అంకెలన్నీ కంప్యూటర్‌కు తినిపిస్తే, అది మా జట్ల మధ్య పోటీలు తానే ఆడేసి ఫలితం చెబుతుంది. మేం బీరు తాగుతూ గెలుస్తాం, లేదా బీరు తాగుతూ ఓడతాం. నచ్చిన ఆటగాళ్లను ఏటికేడు అట్టిపెట్టుకోవచ్చు. మిగిలినవాళ్లను ఎంపిక సభలో వంతులవారీగా కోరుకోవాలి. మన దగ్గరున్నది జారిపోయి మరో సభ్యుడి పంచన చేరితే, ఆ సభ్యుడు మనకు పరిహారంగా తన వంతు వదులుకోవాలి. పోయినదాని నాణ్యతను బట్టి లెక్క: మొదటి తరగతి అయితే తన మొదటి వంతు, రెండో తరగతి అయితే ఐదోసారి వచ్చే వంతు. దేశ రాజ్యాంగం మాలో ఎవరూ చదవలేదు గాని, ఈ నిబంధన మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాం.

ఈ ఏడు జారిపోయింది ఆటగాడు కాదు, మా సభ్యుడు డెల్మార్ భార్య కొరీన్. క్రిస్మస్ వెళ్లగానే పెట్టె సర్దుకుని, మా సభ్యుడే అయిన వెండెల్ ఇంటికి మారింది. వెండెల్ జట్టు నిరుడు అట్టడుగున నిలిచింది కనుక ఈసారి మొట్టమొదటి వంతు అతనిదే. ఆ వంతుకు నెబ్రాస్కా నుంచి వచ్చిన, ఎడమచేత్తో బంతి విసిరే మేటి పిచ్చర్ ఒకడు దొరకబోతున్నాడు. ఇరవై రెండేళ్ల సంసారం పోయి డెల్మార్ కుంగిపోయి ఉంటాడని మేమంతా జాలిపడుతుండగా, అతను నిబంధనల పుస్తకం చంకన పెట్టుకుని సభకు వచ్చాడు.

"చదవండి సార్. సభ్యుడి దగ్గర మూడేళ్లకు పైగా ఉండి, వేరే సభ్యుడి దగ్గరికి పోతే పరిహారం అనుంది. ఆటగాడు అని ఎక్కడైనా ఉందా?"

ఎక్కడా లేదు. వృత్తిరీత్యా పళ్ల డాక్టరు, ప్రవృత్తిరీత్యా మా కమిషనర్ అయిన గేలార్డ్ గారు గొంతు సవరించుకున్నారు. "నిబంధన నిబంధనే. మానవ సహజమైన భావోద్వేగాలకు ఈ లీగ్‌లో చోటు లేదు. ఇక తేలాల్సింది తరగతి ఒక్కటే."

కొరీన్ అక్కడే, తలుపు పక్క కుర్చీలో, కోటు విప్పకుండా కూర్చుని ఉంది. మంచులో కారు నడపడం వెండెల్‌కు చేతకాదు కనుక ఆమే నడుపుకుంటూ తీసుకొచ్చింది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. ఆమె సభ్యురాలు కాదు.

డెల్మార్ లేచాడు. ఇన్నేళ్లలో అతను భార్య గురించి "దాన్నడగాలి" అనడం తప్ప మరో మాట అనగా నేను వినలేదు.

"మొదటి తరగతి కాకపోతే ఇంకేంటయ్యా? మా అమ్మ మంచాన పడితే ఎత్తి కూర్చోబెట్టి, అన్నీ చేసిందెవరు? నేనా? నేను టీవీలో మ్యాచ్ చూస్తున్నా. ఫ్యాక్టరీ మూసేస్తే రెండు చోట్ల పనిచేసింది, ఒక్క మాట దెప్పలేదు. వంట చేస్తూ ఏదో ఒకటి పాడుతుండేది. ఇప్పుడా వంటింట్లోకి పోవాలంటే భయమేస్తోంది నాకు."

ఎవరో నోటిదాకా వెళ్లిన సాసేజ్‌ను కింద పెట్టేశారు. కొరీన్ కోటు పై బొత్తాం విప్పింది.

మొదటి వంతుకు ఎసరొచ్చేసరికి వెండెల్ లేచాడు. "అబ్బే, అంత సీన్ లేదండీ. మంచి మనిషే, కాదన్ను. కానీ గురక పెడుతుంది. చేపలు మాడుస్తుంది. పైగా మోకాలు ఆపరేషన్ అయింది. ఆ మోకాలు చూసి ఎవడైనా మొదటి వంతు ఇస్తాడా? రెండో తరగతి, అదీ మొహమాటానికి."

"మోకాలు నయమైపోయిందిరా! డాక్టరే చెప్పాడు!" డెల్మార్ అరిచాడు.

ఉభయుల క్రీడాస్ఫూర్తిని కమిషనర్ గారు కొనియాడి, చేతులెత్తించి, మొదటి తరగతి అని తీర్పు ఇచ్చారు. నెబ్రాస్కా పిచ్చర్ పేరు బోర్డు మీద రాయడానికి డెల్మార్ పరుగెత్తాడు. కొరీన్ లేచి అతని వెనకాలకు వచ్చి నిలబడింది.

"డెల్మార్, ఇందాక వంటింటి గురించి అన్నావే, నిజంగానేనా?"

"ఒక్క నిమిషం ఆగవే. టైం దాటితే వంతు పోతుంది."

ఆమె వెండెల్ వైపు చూసింది. తన తర్వాతి వంతు వచ్చేసరికి ఏ ఆటగాళ్లు మిగులుతారా అని అతను వేళ్లు మడుస్తున్నాడు. ఆమె బొత్తాం పెట్టుకుంది. "ఇంటికెలా పోతావో నువ్వే చూసుకో, వెండెల్," అని కారు తాళాలతో మెట్లు దిగిపోయింది. అంత మంచి మనిషిని మేమంతా కలిసి పోగొట్టుకున్నామని ఆ క్షణాన నాకు ఏడుపొచ్చినంత పనైంది. కానీ వరుసలో మూడో వంతు నాది.

కొరీన్ ఇప్పుడు గ్రీన్‌బేలో చెల్లెలి దగ్గర ఉంటోంది. చెల్లెలు లీగ్ సభ్యురాలు కాదు కనుక పరిహారం రాదు. తన వంతు తనకు తిరిగి ఇప్పించాలని వెండెల్ ఫిర్యాదు చేశాడు. రాసిన పేరు చెరపడానికి వీల్లేదని డెల్మార్ వాదిస్తున్నాడు. కొరీన్‌ను తిరిగి ఇప్పించమని మాత్రం ఇద్దరిలో ఎవరూ కోరలేదు.

ఇకముందు ఇలాంటి గందరగోళం రాకుండా లీగ్ కమిటీ ఏకగ్రీవంగా నిబంధనలకు ఒక సవరణ చేసింది. ఇంట్లో ముందే వాడేసిన మెచ్చుకోలుకు తరగతి తేల్చేటప్పుడు కమిటీ ముందు బలం ఉండదు కాబట్టి, ఏ సభ్యుడూ తన భార్యను ఇంట్లో మెచ్చుకోరాదు. అమలులో ఎవరికీ ఇబ్బంది కలగలేదు. ఒక్కరు కూడా ఒక్క అలవాటైనా మార్చుకోవలసిన అవసరం రాలేదు. ఏ లీగూ చెప్పకుండానే మీ ఇళ్లలో కూడా ఈ నిబంధన ఏళ్ల తరబడి నిష్ఠగా అమలవుతోందని విన్నాను. కమిటీ తరఫున అభినందనలు.