ఎర్మెలిందా పెరట్లో తుఫాను

రైతుల పునీతుడు సాన్ ఇసిద్రో పండుగనాటి పొద్దున దోన్ ఎలాదియో వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవడం, చర్చి ముందున్న మండపంలో ఫాదర్ పక్కన నిలబడి, ఊరంతా చూస్తుండగా ఫోను తీసి ఊరేగింపువాళ్లతో "వాన లేదు, బయల్దేరండి" అనడం. ఆ ఒక్క మాట కోసం ఆయన ఏడాదిగా కాచుకుని ఉన్నాడు.

నిరుడు కూడా ఇదే మాట అన్నాడు. అన్నచోటే తడిసి ముద్దయ్యాడు. ఆయన పెరట్లో ఒక గుంజ మీద వాన కొలిచే గిన్నె, గాలికి గిరగిర తిరిగే చిప్పలు, వేడి చూసే గొట్టం ఉన్నాయి. అవి చెప్పే లెక్కలన్నీ ఆయన నడిపే వెబ్ పేజీలో కనబడతాయి. ఊళ్లో బట్టలు ఆరేసేవాళ్లూ, కాఫీ గింజలు ఎండబోసేవాళ్లూ ఆ పేజీ చూశాకే కదులుతారు. అయితే కంప్యూటరు ఆ లెక్కలను పది నిమిషాలు కూడబెట్టుకుని గాని పేజీకి పంపేది కాదు. నిరుడు ఊరేగింపులో సాన్ ఇసిద్రో స్వరూపం మీద కుండపోతగా కురుస్తుంటే, పేజీ మాత్రం "పొడి వాతావరణం" అని చూపిస్తూ కూర్చుంది.

"మీ పేజీకన్నా నా మోకాలు నయం దోన్ ఎలాదియో," అన్నాడు ఎడ్లబండ్ల సంఘం పెద్ద దోన్ తొబియాస్, మీసాల్లోంచి నీళ్లు పిండుకుంటూ. చిన్నప్పుడు ఎద్దు తన్నిన ఆ మోకాలు వాన వచ్చేముందు సలుపుతుందని ఆయన నమ్మకం. సగం ఊరి నమ్మకం కూడా అదే. ఈ ఏడాది మళ్లీ తప్పితే చర్చి నోటీసు బోర్డు మీద నుంచి పేజీ పేరు తీసేసి, వాన కబురు మోకాలికే అప్పజెబుతానని ఫాదర్ అన్సెల్మో తేల్చేశారు. కరెంటు ఆఫీసులో మీటర్లు చూసి రిటైరైన మనిషికి, మోకాలి చేతిలో ఓడిపోవడమంటే తల తీసేసినట్టే.

అందుకని ఎలాదియో వారమంతా కంప్యూటరు ముందు కూర్చుని ఆ ఆలస్యాన్ని పీకి పారేశాడు. ఇప్పుడు చుక్క గిన్నెలో పడితే చాలు, ఆ క్షణమే పేజీలో కనబడుతుంది.

ఆ సంబరంలో ఒక్క సంగతి మరిచిపోయాడు. ఆ పది నిమిషాల ఆలస్యం మీదే ఆయన కాపురం నడుస్తోంది. గుంజ చుట్టూ వేలాడేవన్నీ ఆయన భార్య దోన్యా ఎర్మెలిందా పెంచే ఆకుమొక్కలు. ఆవిడ రోజూ పొద్దున్నే వాటిమీద పైపు తిప్పుతూ "నీళ్లు పెడుతున్నా!" అని కేకేస్తుంది. లోపల్నుంచి ఆయన "ఊఁ" అని, పేజీకి వెళ్లేలోపే ఆ దొంగ వానను లెక్కలోంచి కొట్టేస్తాడు. ఏళ్ల తరబడి సాగిన ఈ కేకా, ఊఁ ఇద్దరికీ ఎంత అలవాటయ్యాయంటే, అదొక పని అని కూడా వాళ్లకు గుర్తులేదు.

"నేను వెళ్తున్నా ఎర్మెలిందా. మీరు టైముకి వచ్చేయండి."

"ఎలా వచ్చేది? నాకేమైనా నాలుగు చేతులున్నాయా? ఊరేగింపయ్యాక ఫాదర్‌గారిని భోజనానికి పిలిచింది మీరే కదా! అరిటాకుల్లో చుట్టిన మొక్కజొన్న తమాలెస్ ఉడకాలి, కంబళి దులపాలి, మొక్కలకి నీళ్లు పెట్టాలి..."

ఎలాదియో అప్పటికే వీధిలో ఉన్నాడు.

చర్చి ముందు మైదానంలో రంగురంగుల చక్రాల బండ్లు బారులు తీరాయి. ఎడ్ల కొమ్ములకు పూలు చుట్టారు. ఎండ కళ్లలో పొడుస్తోంది. "నా మోకాలు దూదిలా ఉంది," అని తొబియాస్ అందరికీ వినబడేలా అన్నాడు. "సాయంత్రం దాకా చుక్క పడదు."

ఈసారికి మోకాలూ, పేజీ ఒక్కమాట మీద ఉన్నందుకు కాస్త నొచ్చుకుంటూనే ఎలాదియో ఫోను తీశాడు. నోరు తెరిచాడు. పేజీ ఎర్రబడింది.

"వాన!"

"ఎక్కడయ్యా?" ఫాదర్ ఆకాశం చూశారు.

"మా ఇంటి దగ్గర, ఫాదర్. చర్చికి దక్షిణంగా రెండువందల మీటర్లు. మామూలు వాన కాదు, కుంభవృష్టి!"

అందరూ దక్షిణానికి తిరిగారు. అక్కడా ఎండే. కానీ ఆ కొండల్లో ఒక వీధి తడిసి పక్క వీధి ఎండడం రోజూ చూసేదే కాబట్టి ఎవరూ నవ్వలేదు. ఎలాదియో ఇంటికి ఫోను చేశాడు. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. ఎర్మెలిందా పెరట్లో ఉందని, ఫోను వంటింట్లో ఉందని ఆయనకు ఎవరు చెప్పాలి?

"గాలి చూడండి!" ఎవరో తమ ఫోను పైకెత్తారు. "తుఫాను గాలి!"

అక్కడ పెరట్లో, చిప్పల పక్కన ఎర్మెలిందా కంబళి దులపడం మొదలుపెట్టింది.

"వేడి పెరుగుతోంది! నలభై... నలభై ఎనిమిది... మాతా మరియమ్మా, యాభై దాటింది!"

ఎర్మెలిందా గుంజ పక్కనే మూడు రాళ్లు పెట్టి, తమాలెస్ డేగిసాకింద కట్టెలు ఎగదోసింది.

"వానా, గాలీ, మంటా మూడూ కలిసి వస్తాయా ఎక్కడైనా?" అంది ఒకావిడ. అంతలో వెనకనుంచి కేక వినబడింది: "అగ్నిపర్వతం!"

ఆ తర్వాత ఏ కేక ఎవరిదో దేవుడికే తెలియాలి. ఫైరింజను గంట కొట్టుకుంటూ ఎలాదియో ఇంటివైపు దూసుకుపోయింది. "స్వరూపాన్ని లోపలికి పట్టండి!" అని అరిచారు ఫాదర్. "ఎడ్లను కూడా!"

"చర్చిలోకా ఫాదర్?"

"జలప్రళయంలో నోవహు ఓడలోకి సింహాలే ఎక్కాయి, ఎడ్లకేం రోగం? తోలండి!"

తోలారు. బండ్లు వసారాలో ఇరుక్కున్నాయి. ఎడ్లు బల్లల మధ్య బుద్ధిగా నిలబడ్డాయి. ఒకటి మాత్రం బలిపీఠం మీది లిల్లీలను ఓపిగ్గా, చివరి రేకుదాకా తినేసింది. తొబియాస్ ఒక్కడే మైదానంలో తన బండి దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అగ్నిపర్వతం పేలితే నా మోకాలికి తెలియదా?" అన్నాడు.

ఎలాదియో పేజీ సంగతి పూర్తిగా మరిచిపోయాడు. "మా ఎర్మెలిందా ఇంట్లోనే ఉంది, నన్ను వెళ్లనివ్వండి," అంటూ ఇంటికి పరుగెత్తబోయాడు. గుమ్మం దగ్గర నలుగురు పట్టి ఆపారు.

అప్పుడు ఫైరింజను తిరిగొచ్చింది. డ్రైవరు పక్కన, ఒళ్లో డేగిసాతో, ఎర్మెలిందా కూర్చుని ఉంది.

"బతికే ఉన్నారా!" ఎలాదియో కళ్లు నిండిపోయాయి.

"నాకేమైంది? మొక్కలకి నీళ్లు పెట్టాను. కేక కూడా వేశాను, మీరే పలకలేదు."

చర్చిలో తలలన్నీ ఎలాదియో వైపు తిరిగాయి. ఒక ఎద్దు మాత్రం నెమరువేస్తోంది.

"మరి ఆ గాలి?" అన్నారు ఫాదర్.

"కంబళి దులిపానండీ."

"ఆ మంట?"

"మంట లేకుండా తమాలెస్ ఎలా ఉడుకుతాయి ఫాదర్? మళ్లీ గొడవ రాకుండా ఆ దిక్కుమాలిన గిన్నె మీద బకెట్టు బోర్లించి వచ్చానులెండి."

నవ్వు ముందు పిల్లల్లో పుట్టి, బల్లలు దాటి, సన్నాయిలూ డోళ్లూ పట్టుకున్న వాళ్లదాకా పాకింది. ఎలాదియో నోటీసు బోర్డు వంక చూడలేక నేల చూశాడు. నలుగురిలో ఇంత సిగ్గు ఆయన ఏనాడూ ఎరగడు.

మైదానంలో తొబియాస్ బండెక్కి నిలబడ్డాడు. "విన్నారుగా!" అని చర్చి తలుపుల్లోంచి వినబడేలా గొంతెత్తాడు. "యంత్రాలను నమ్ముకుంటే ఇంతే! ముప్పైయేళ్లుగా ఈ మోకాలు ఒక్కసారి కూడా అబద్ధ..."

మిగతాది వానలో కొట్టుకుపోయింది. కొండమీంచి మబ్బు ఎప్పుడు దిగిందో ఎవరూ చూడలేదు. చూస్తుండగానే తొబియాసూ, ఆయన ఎడ్లూ, కొమ్ముల పూలూ తడిసి ఒక్క ముద్దయ్యారు. లోపల సాన్ ఇసిద్రో, ఆయన చేతిలోని చిన్న నాగలితో సహా పొడిగా ఉన్నాడు.

ఎలాదియో దొంగచాటుగా ఫోను చూసుకున్నాడు. పేజీ, క్షణం కూడా ఆలస్యం లేకుండా, "పొడి వాతావరణం" అంటోంది. గబుక్కున జేబులో పెట్టేశాడు.

ఫాదర్ బయటి వాననూ, లోపలి ఎడ్లనూ, తడవని స్వరూపాన్నీ మార్చి మార్చి చూశారు. "నిరుడు పది నిమిషాలు వెనక. ఈ ఏడాది అరగంట ముందు. ఆలస్యం తగ్గించమన్నాం గాని దోన్ ఎలాదియో, మరీ ఇంత తగ్గిస్తారనుకోలేదు. బోర్డు మీద మీ పేజీ పేరు అలాగే ఉంటుంది."

"ఫాదర్, నిజానికి అది..." అని ఎలాదియో మొదలుపెట్టేలోపే ఎర్మెలిందా ఆయన నోట్లో తమాల్ ముక్క కుక్కింది.

"నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడకూడదు," అంది.

మరుసటి ఏడాది పండుగకు ముందురోజు, నిరుడు తడిసిన తొబియాసును ముందుపెట్టుకుని ఎడ్లబండ్ల సంఘంవాళ్లు వాన సంగతి కనుక్కోవడానికి వచ్చారు. కంప్యూటరు ముందు కూర్చున్న ఎలాదియోకు మర్యాదగా దండం పెట్టి, ఆయన్ని దాటుకుని పెరట్లోకి వెళ్లి, రేపు మొక్కలకు ఏ వేళకు నీళ్లు పెడతారని ఎర్మెలిందాను అడిగారు.