మగ్గం గుంతమీద ఉయ్యాల

ఎమ్మిగనూరులో ఈరేష్ అంత శ్రద్ధగా కలలు కనే మనిషి ఇంకొకడు లేడు. మిగతావాళ్లు నిద్రపోయాక కంటారు, అది కూడా వస్తేనే. ఈరేష్‌కు నిద్రతో పని లేదు. అన్నం ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోయిందంటే మనిషి అక్కడ లేడని అర్థం. కూర చల్లారినా తిరిగి రాడు.

ఈమధ్య ఎప్పుడు పోయినా ఒకే చోటికి పోతున్నాడు. ఆదోనిలో చుట్టాలింట్లో ఒక ఉయ్యాలబల్ల చూశాడు. టేకు చెక్క, ఇత్తడి గొలుసులు. అదే ఉయ్యాల తన ముందుగదిలో వేలాడుతున్నట్టు, ఇంటి గోడలన్నీ తెల్లవారుజాము ఆకాశం రంగులోకి మారినట్టు, ఆ లేత నీలంలో తాను మెల్లగా అటూ ఇటూ తేలుతున్నట్టు కల. ఎంత కన్నా తనివి తీరడం లేదు.

చిక్కల్లా చోటుతోనే. ముందుగదిలో రెండు గుంట మగ్గాలున్నాయి. ఒకదానిమీద ఈరేష్ నేస్తాడు. రెండోది చాలాకాలంగా ఖాళీ. దాన్ని పీకేస్తే ఉయ్యాల ఇమిడిపోతుంది. పైగా నేసేవాడు కాళ్లు పెట్టుకునే గుంత కింద ఉండనే ఉంది.

"ఊగేటప్పుడు కాళ్లు నేలకు తగలకుండా మా తాత ముందే గుంత తవ్వించి పెట్టినాడే" అన్నాడు భార్యతో.

"మీ తాత నేసేదానికి తవ్వించినాడు" అంది నాగవేణి. "అది నా మగ్గం. నీ మగ్గానికి నూలు కండెలు సుట్టీ సుట్టీ నా యేళ్లు అరిగిపోయినాయి. మా పుట్టింట్లో నేను నేస్తాంటే సి.బెళగల్ నుంచి వచ్చి సూస్తాండ్రి, తెల్సా?"

"అంత బాగా నేస్తాంటివా?"

"నేసేటప్పుడు మేలుకొని ఉంటాంటి. అదే వాళ్లకు వింత. నిన్ను సూసినాక నాకూ వింతగానే ఉండాది."

ఈరేష్ నొచ్చుకోలేదు. నొచ్చుకోవడానికి మనిషి అక్కడ ఉండాలి కదా. అప్పటికే ఉయ్యాల ఎక్కేశాడు.

"ఉయ్యాల మీద కూసుంటే మనిషికి మంచి మంచి ఆలోచనలు వస్తాయంట" అన్నాడు కాసేపటికి.

"నీకు తక్కువైంది ఆలోచనలు కాదప్పా. ఉగాది నుంచి గోడలకు రంగు కొడతానంటాండావు. ముందు అది కొట్టు."

"ఒక్క పొద్దులో కొడతా. రంగు సిమ్మే పెట్రోలు మిషన్ తెచ్చి కొడతా. కొడితే ఉయ్యాల పెట్టనిస్తావా?"

నాగవేణి పక్కింటి శ్రీశైలమ్మను కేకేసి పిలిచింది. శ్రీశైలమ్మ ఆ వీధిలో పెద్దమనిషి, మగ్గానికి ఎక్కించే నిలువు నూలుకు, అంటే అందరి పడుగులకూ గంజి పెట్టించేది ఆమే.

"అక్కా, నువ్వే సాక్షి. ఈయప్ప ఒక్క పొద్దులో గోడకు రంగు కొడితే ఉయ్యాల ఈయప్పది. కొట్టేటప్పుడు మనిషికి గాని, ఇంకొకరి వస్తువుకు గాని ఏమన్నా అయితే మగ్గం నాది."

"ఒప్పుకుంటివా రా?" అంది శ్రీశైలమ్మ.

"ఒప్పుకుంటి" అన్నాడు ఈరేష్, గొలుసులకు నూనె పెడుతూ. కలలోనే లెండి.

మర్నాడు ఆదోనికి పోయాడు. రంగు మిషన్లు బాడుగకిచ్చే జోయల్‌కు మిషన్ ఇవ్వడంకంటే జాగ్రత్తలు చెప్పడం ఇష్టం. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"అన్నా, బరాబర్ ఇను. ఇంజను ఎప్పుడూ బయటనే పెట్టాల. ఇంట్లో పెట్టి నడిపినావనుకో, పొగకు పండుకుంటావు, మల్ల లేసేది లేదు. పెట్రోలు అయిపోతే ఇంజను సల్లారేదాకా పొయ్యొద్దు. దగ్గర బీడీ ముట్టించొద్దు. కండ్లకు అద్దాలు, మూతికి మాస్కు. గన్ను మూతికి ఏలు అడ్డం పెట్టొద్దు. ఆ జోరుకు రంగు సర్మంలోకి దూరుతాది. సిన్న గీత మాదిరే కనపడతాది, దాన్ని నమ్మి ఇంటికాడ కూసోవద్దు, ఆస్పత్రికి ఉరకాల. గన్ను సిక్కుకుంటే ముందు ఇంజను ఆపు, ప్రెషర్ దించు, గన్నుకు లాక్ ఎయ్యి, మల్లనే ముట్టుకో."

ఈరేష్ ఇవన్నీ బుద్ధిగా విన్నాడు. వేలి సంగతి రెండుసార్లు చెప్పించుకున్నాడు.

"ఆఖరు మాట. గాలి ఉన్నప్పుడు బయట గోడ కొట్టొద్దన్నా. రంగు గోడ మీద నిలబడదు, యాడికో పోతాది."

ఈ ఆఖరు మాటకు మాత్రం ఈరేష్ అక్కడ లేడు. ఉయ్యాల మంచి ఊపులో ఉంది. గాలి అన్న ఒక్క మాట చెవిన పడింది. ఉయ్యాల ఊగుతుంటే గాలి తగలడం న్యాయమే కాబట్టి తలూపాడు.

శ్రావణ సోమవారం వచ్చింది. "ఉరుకుందకు పోయొస్తా, ఈరన్నకు టెంకాయ కొట్టాల" అని నాగవేణి చీకటితోనే బయలుదేరింది. "ఇంజను బయటపెట్టు" అని గుమ్మంలో ఒకసారి, "ఏలు అడ్డం పెట్టొద్దు" అని మెట్టు దిగి ఒకసారి చెప్పింది.

ఆకాశం ఇంకా తేరుకోలేదు. వీధంతా ఆవులిస్తోంది. ఈరేష్ ఇంజనును వీధిలోకి లాగాడు. వానకోటు తొడిగాడు, అద్దాలు పెట్టాడు, మాస్కు కట్టాడు, దాని పైన తువ్వాలు చుట్టాడు. పాలు పోసే రంగప్ప సైకిల్ ఆపి భయంభయంగా చూశాడు.

"ఎవురప్పా నువ్వు? కుక్కలు పట్టేదానికి వచ్చినావా?"

"నేనే రంగప్పా, ఈరేశు."

"అయితే పాలు పొయ్యమంటావా, ఆ తువ్వాలు తీసేదాకా ఆగమంటావా?"

ఇంజను ఒక్క లాగుకే అందుకుంది. గన్ను నొక్కగానే బుస్సుమని నీలం విచ్చుకుంది. పాత గోడ మీద పొగమంచు వాలినట్టు రంగు వాలింది. ఎక్కడ గోడ ఆగిందో, ఎక్కడ ఆకాశం మొదలైందో తెలియడం లేదు. ఇంత అందమైన పనిని మనుషులు కూలికి ఎందుకు చేస్తారో, ఊరికే ఎందుకు చేయరో ఈరేష్‌కు అర్థం కాలేదు.

సగం గోడ అయ్యేసరికి పెట్రోలు అయిపోయింది. జోయల్ చెప్పినట్టే చల్లారేదాకా ఆగుదామని అరుగు మీద కూర్చున్నాడు. ఆగడం అంటే ఈరేష్‌కు ఏమిటో మనకు తెలుసు. ఇంజను చల్లారింది. ఎండ వచ్చింది. వీధి అవతలి కొసన ఆడవాళ్లు కర్రలు పాతి, తెల్లటి పడుగును బారుగా చాపి, గంజి కుంచెలు పట్టుకున్నారు. శ్రావణం గాలి కూడా నిద్ర లేచింది. ఈరేష్ ఒక్కడే లేవలేదు.

లేచాక పెట్రోలు పోసి, అద్దాలు సర్దుకుని, మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి ఎంత కొట్టినా గోడ నిండడం లేదు. గోడ తాగేస్తోంది కాబోలని ఇంకాస్త కొట్టాడు. నీలం మబ్బులు తన భుజం మీదుగా తేలిపోతుంటే చూసి మురిసిపోయాడు. మసకబారిన అద్దాల్లోంచి దూరంగా ఆడవాళ్లు చేతులు ఊపుతూ కనిపించారు. వీధివాళ్లు ఇంత మెచ్చుకుంటారనుకోలేదు. తానూ చెయ్యి ఊపాడు. ఎదురింటి తెల్లకోడి నీలంకోడి అయి కూతకూడా మరిచిపోయింది. రంగప్ప క్యాను మూత గట్టిగా నొక్కుకుని సందులోకి దూరిపోయాడు.

చివరికి శ్రీశైలమ్మే గాలికి ఎదురొచ్చి ముందు నిలబడింది. ఆమె నోరు ఆడుతోంది గాని ఇంజను మోతలో ఒక్క ముక్క వినపడలేదు. ఈరేష్ ఆగమన్నట్టు చెయ్యి చూపించాడు. ఇంజను ఆపాడు. ప్రెషర్ దించాడు. గన్నుకు లాక్ వేశాడు. అద్దాలు తీసి తుడుచుకున్నాడు. శ్రీశైలమ్మ తిట్లన్నీ ఈలోపల ఒకసారి పూర్తయి మళ్లీ మొదటికొచ్చాయి.

"ఇప్పుడు సెప్పక్కా. ఏమైంది?"

"ఏమైందా? ఆడ సూడు పో!"

పోయి చూశాడు. పాలనురగలాంటి నూలు మీద అంతా నీలం చుక్కలే. తుడుద్దామని ఆడవాళ్లు తడి కుంచెతో దువ్వితే, చుక్కలు పాకి పడుగు పొడుగునా చారలు కట్టాయి. దారం దారం సరిచూసి పోసిన పడుగు. దాని వెనక ఎంత పని ఉంటుందో నేతవాడికి ఒకరు చెప్పాలా? ఈరేష్ కలల మనిషే గాని, ఇంకొకరి పని చెడగొట్టి నిద్రపోగల మనిషి కాదు.

"ఎవురిదక్కా ఇది?"

"ఎవురిదైతే నీకేం రా? పాపం, ఎంత ఆశగా పోయించుకునిందో! ఇంగ దీన్ని మగ్గానికి ఎవురు ఎక్కించుకుంటారు?"

"నేను ఎక్కించుకుంటా" అన్నాడు ఈరేష్. "మా ఇంట్లో ఖాళీ మగ్గం ఉండాది. దానిమీదికే ఎక్కిస్తా. ఆయమ్మకు నేనే జవాబు సెప్తా."

"ఆడ నీ ఉయ్యాల వస్తాది గదా?"

ఈరేష్ ఒక్కసారి ఇంటివైపు చూశాడు. టేకు బల్ల నిదానంగా ఊగుతూ, ఊగుతూ, నిలిచిపోయింది.

"రాదు. ఈరన్న మీద ఒట్టు."

"అమ్మీ, ఇంటివా?" అని శ్రీశైలమ్మ పడుగు కొసకు కేకేసింది.

అక్కడ తలకు తువ్వాలు చుట్టుకుని వంగి ఉన్న మనిషి నడుం పట్టుకుని లేచింది. చేతిలో గంజి కుంచె, ముక్కు మీద నీలం చుక్క. నాగవేణి.

"నువ్వు... ఉరుకుందకు పోలేదా?"

"వచ్చే సోమవారం పోతా. ఈ పడుగు నాదే. నువ్వు ఆడ కలలో ఉంటావు గదా, అంతలో గంజి పెట్టి, ఎక్కించుకొని కూసుందామనుకుంటి. ఆపమని ఎంత అరిసినా, పెండ్లిలో మాదిరి సెయ్యి ఊపుతాండావు!"

"అయితే నేను పందెం గెలిసింటే?"

"గెలిస్తే ఏం? పడుగు ఎక్కిన మగ్గాన్ని పీకే నేతగాడు ఎమ్మిగనూరులో ఉండాడా?"

లేడు. ఎటు తిరిగినా ఆ గుంతలో ఈ మనిషే కూర్చునేట్టు ఉంది.

"తెల్లగా ఉండాలని పోయించుకున్నావు. నేను సెడగొడితి" అన్నాడు నిజంగా బాధపడుతూ.

నాగవేణి పడుగు పొడుగునా చూసింది. గాలికి అది మెల్లగా అలలు తిరుగుతోంది. నీలం ఒకచోట చిక్కగా, ఒకచోట ఉందో లేదో అన్నట్టుగా, మబ్బులు విడిపోతున్నట్టుగా ఉంది. ఆమె కుంచె పట్టుకున్న చెయ్యి అట్లాగే ఆగిపోయింది. కాసేపు ఆమె కూడా అక్కడ లేదు.

"సెడిందని ఎవురన్నారు?" అంది తేరుకుని. "తెల్లారుజాము ఆకాశం, తెల్లారుజాము ఆకాశం అని ఇన్నాళ్లూ నా పాణం తీస్తివి. నువ్వు సెప్పేది ఇదా? ముందే సూపించింటే నేనే మిషన్ తెచ్చిస్తాంటి. దీన్ని ఎవురికీ అమ్మను. నేనే నేసుకొని నేనే కట్టుకుంటా."

పడుగు ఆరాక చుట్ట చుట్టారు. ఒక కొస నాగవేణి, ఒక కొస ఈరేష్ పట్టుకుని, సగం నీలం గోడ పక్కనుంచి ఇంట్లోకి మోశారు. గుమ్మం దగ్గర ఈరేష్ ఒక్క క్షణం ఆగాడు.

"ఇది నేసేది అయినాక..."

"అయినాక?"

"అదే... ఉయ్యాల..."

"అయినాక ఇంకో పడుగు" అంది నాగవేణి. "కొస జారుతాంది, పట్టుకో."

ఈరేష్ గట్టిగా పట్టుకున్నాడు.