ముప్పై గుర్తుల గాడిద

కాపురం చల్లగా సాగాలంటే భార్యాభర్తలు హెక్సాడెసిమల్‌లో తిట్టుకోవాలి! నవ్వకండి, అనుభవం మీద చెబుతున్నాను.

అత్తగారిని బస్టాండు నుంచి తీసుకురావడం మరిచిపోయాను. పాపం, వానలో తడిసి ముద్దై తనే ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. "ఇక మీతో ఒక్క మాట మాట్లాడితే ఒట్టు!" అంది మా ఆవిడ. రోజంతా కంప్యూటర్ సర్వర్లతో వేగే ఉద్యోగం తనది. ఒట్టు తప్పనూ లేదు, తిట్టకుండా ఉండనూ లేదు. అందుకని నా ఫోనుకు హెక్సులో, అంటే కంప్యూటర్ గుర్తుల రాతలో, మెసేజులు మొదలెట్టింది. సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు, ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు, అంతే. అవి మాటలు కావు కదా!

వాటిని విప్పడం ఎలాగో తెలియక బావమరిదికి ఫోన్ చేశాను.

"ఏముంది బావా! కంప్యూటర్లో నల్లతెర తెరువు. ఎకో అని కొట్టి ఆ గుర్తులన్నీ దించు. నిలువుగీత పెట్టు. ఎక్స్‌ఎక్స్‌డీ, మైనస్ ఆర్, మైనస్ పీ అని కమాండ్ కొట్టు. ఎంటర్!"

ఒంటివేలితో కొట్టాను. ఆహా! తెర మీద నిగనిగలాడుతూ "గాడిద" అని వచ్చింది! సొంతంగా విప్పుకున్న తిట్టు ఎంత తియ్యగా ఉంటుందో మీకేం తెలుసు? గంతులేశాను!

లాభాలు ఒకటా రెండా? "గాడిద"కు ముప్పై గుర్తులు! నేను విప్పేలోగా మా ఆవిడ కోపం సగం దిగిపోతుంది. ఒక్క గుర్తు జారిందా, తిట్టు కాస్తా పిచ్చిగీతలై కూర్చుంటుంది. పిచ్చిగీతలను చూసి ఎవరికైనా పౌరుషం వస్తుందా? "పాలు పొంగుతున్నాయి" అన్న కబురు విప్పేసరికి పొయ్యే చల్లారింది. కంగారు పడే బాధ తప్పిందా లేదా?

"అమ్మాయి ఏమంటోంది బాబూ?" అని అడిగేవారు అత్తగారు.

"కన్వర్ట్ అవుతోందండీ."

ఒక్కటే లోటు. మా ఆవిడ గొంతు! పొద్దున్నే కసిరే ఆ గొంతు వినపడక ఇల్లు బోసిపోయింది. బెంగతో ఉండబట్టలేక, "తప్పు నాదే" అని హెక్సులో పంపాను. ఎదురు సోఫాలోంచి జవాబొచ్చింది. విప్పాను. "నోటితో చెప్పండి."

ఇదేం విడ్డూరం! గొంతు సవరించుకున్నాను. నోరు తెరిచాను. "ఈ సున్నా, బీ సున్నా, ఏ నాలుగు..." అని వచ్చింది! అలవాటు, ఏం చెయ్యను?

మా ఆవిడ పకపకా నవ్వి, ఒట్టు తీసి గట్టున పెట్టింది. "చాల్లెండి, అర్థమైంది!"

చూశారా పాఠకులారా, కమాండే అక్కర్లేకపోయింది!

"బాగుంది బాబూ," అన్నారు అత్తగారు తుమ్ముతూ. "తడిసింది నేను. నాకెప్పుడు చెబుతారు?"