చెట్టు మీద సర్వే

ఆ ఉదయం లెక్చరరు గారు తన స్కూటరును టీచర్ల శిక్షణ కళాశాల ఆవరణలోని పెద్ద చెట్టు కింద, రోజూ పెట్టే చోటే, నీడ చూసి మరీ నిలబెట్టారు. కాబోయే టీచర్లు ప్రకృతిని ప్రేమిస్తున్నారా, లేక సొమ్ము చేసుకునే సరుకుగా చూస్తున్నారా అన్నది మధ్యాహ్నంలోగా కొలిచి పారేయాలని ఆయన ఉద్దేశం. సరుకుగా చూస్తున్నారని తేలితే, వాళ్ళను బాగుచేయడానికి కొత్తగా పర్యావరణ శాఖ పెడతానని ప్రిన్సిపాల్ మాటిచ్చారు. దానికి అధిపతి ఈయనే. ఆ కబురు భార్య అప్పుడే వాళ్ళక్కకు ఫోన్ చేసి చెప్పేసింది.

"మీరు అధిపతి కాకపోతే నేను అక్కకి మొహం చూపించలేను," అని గుమ్మంలోనే హెచ్చరించి పంపింది కూడా.

తరగతిలో ప్రశ్నపత్రాలు పంచగానే, ప్రతి పరీక్షలోనూ ఫస్టు వచ్చే క్లాసు లీడరు లేచి నిలబడింది.

"ఎన్ని మార్కులకి సార్?"

"మార్కుల్లేవమ్మా. మనసులో ఉన్నది రాయండి, చాలు."

"మనసులోది సిలబస్‌లో లేదు కదా సార్!"

అందరి మెడలూ లీడరు కాగితం వైపు సాగాయి. తీరా చూస్తే, ఒక్కరూ తప్పకుండా అందరూ చెట్టును కన్నబిడ్డలా చూసుకుంటామని రాశారు. లీడరు కొట్టివేసి దిద్దిన చోటే అందరూ కొట్టివేసి దిద్దారు. రేపు బడిపిల్లలను కాపీ కొట్టొద్దని బెదిరించబోయేది వీళ్ళే.

లెక్చరరు గారు కాగితాలన్నీ మళ్ళీ తిరగేశారు. అందరూ ఇంత మంచివాళ్ళయితే బాగుచేసే శాఖ దేనికి, దానికో అధిపతి దేనికి?

"ఇవన్నీ కోతలు! మళ్ళీ రాయండి. నిజం రాస్తే అయిదు మార్కులు."

"నిజం అంటే ఏది సార్?"

"నేను చెప్పకూడదు. కానీ చెట్టుని చూడగానే కలప గుర్తుకొచ్చినా తప్పేం లేదు."

లీడరు ఆ మాట కింద గీత గీసుకుంది. ఈసారి అందరూ చెట్టు ఉన్నదే కొట్టడానికని రాశారు. ఉదాహరణ ఇస్తే మార్కులు ఖాయమని లీడరు "మన ఆవరణలోని చెట్టు" అని చేర్చింది. అందరూ చేర్చారు.

ఆ కాగితాలు చూసి ప్రిన్సిపాల్ కుర్చీలోంచి లేచి ఆయన చేతులు పట్టుకున్నారు.

"బతికించారండీ! నా కారు షెడ్డు కోసం ఆ చెట్టు కొట్టిద్దామని ఎన్నాళ్ళ నుంచో చూస్తున్నా. వీళ్ళు గొడవ చేస్తారేమోనని ఆగాను. మీరు కొలిచి మరీ తెచ్చారు!"

"అంటే... వాళ్ళు మార్కుల కోసం అలా..."

"అయితే మీ సర్వే అబద్ధమా?"

లెక్చరరు గారి కళ్ళ ముందు భార్య, ఆమె వెనకాల వాళ్ళక్క నిలబడ్డారు.

"అబ్బే! అక్షరాలా నిజమండీ."

"అయితే అధిపతి మీరే. మొదటి సంతకం ఇక్కడ పెట్టండి. చెట్టు కొట్టాలంటే కాలేజీ పర్యావరణ శాఖ కూడా ఒప్పుకోవాలట, ఇన్నాళ్ళూ ఆ శాఖ లేక కూడా పని ఆగింది."

మర్నాటికి చెట్టు లేదు. తరువాత లేచిన షెడ్డులో ప్రిన్సిపాల్ కారుకే చోటు. మిట్టమధ్యాహ్నం అధిపతి గారు ఎండలో నిలబెట్టిన స్కూటరు సీటు మీద కూర్చున్నారు, కూర్చున్నంత వేగంగానే లేచారు. ఆ క్షణాన ప్రకృతి మీద ఆయనకున్న ప్రేమను కొలవడానికి ప్రశ్నపత్రం అక్కర్లేకపోయింది.